బ్యారీ: రాతిపని, రాతిదుమ్ము, ఒక చిన్న ఊరు

వాషింగ్టన్‌లో వియత్నాం యుద్ధ స్మారకంగా నిలిచిన నల్లరాతి గోడను 1982 నవంబరులో ప్రారంభించారు. ఆ రాయి బెంగళూరు ప్రాంతం నుంచి వెళ్లింది. అద్దంలా ప్రతిబింబం చూపే నల్లరాయి కావాలనుకున్నాక కెనడా, స్వీడన్ రాళ్లను పక్కన పెట్టారు. యుద్ధానికి వెళ్లడానికి ఇష్టపడని అమెరికన్ యువకులు తలదాచుకున్న దేశాలవి. భారతదేశం నుంచి ఓడెక్కిన రాయి మాత్రం నేరుగా వాషింగ్టన్ చేరలేదు. ముందు వెర్మాంట్ రాష్ట్రంలోని బ్యారీ అనే చిన్న ఊరికి వెళ్లింది. అక్కడ కోసి, పలకలుగా తీర్చి, మెరుగుపెట్టిన తర్వాతే పేర్లు చెక్కడానికి టెనెసీలోని మెంఫిస్‌కు తరలించారు.

2020 జనాభా లెక్కల ప్రకారం బ్యారీ నగర జనాభా 8,491. మన లెక్కలో అది ఒక మోస్తరు మండల కేంద్రం కూడా కాదు. అయినా అంత బరువైన పనిని ఆ ఊరికే అప్పగించారంటే, అక్కడ వందేళ్లుగా పోగుపడిన పనితనమే కారణం. ఆ పనితనం ఎలా వచ్చిందో, దాని కోసం ఆ ఊరు ఎన్ని ఊపిరితిత్తులను పోగొట్టుకుందో, చివరికి ఆ చావులు ఎలా ఆగాయో విడివిడిగా చెప్పలేం. మూడూ ఒకే రాయి చుట్టూ తిరుగుతాయి.

తిరగలి రాళ్ల గుట్ట

బ్యారీ పేరుతో రెండు ఊళ్లున్నాయి. లోయలో, ఏటి ఒడ్డున ఉన్నది బ్యారీ నగరం. రాతిని కోసి చెక్కే షెడ్లు ఇక్కడ ఉన్నాయి. దాన్ని చుట్టుకుని గుట్టల మీద ఉన్నది బ్యారీ టౌన్. క్వారీలు, క్వారీ మనుషుల పల్లెలైన గ్రానైట్‌విల్, వెబ్‌స్టర్‌విల్ అటువైపు ఉన్నాయి. 1895లో నగరం టౌన్ నుంచి విడిపోయింది. రాయి పుట్టే చోటు ఒక పాలనలోనూ, అది రూపు దిద్దుకునే చోటు మరో పాలనలోనూ ఉండడం నేటికీ కొనసాగుతోంది.

క్వారీలున్న గుట్ట పేరు మిల్‌స్టోన్ హిల్, అంటే తిరగలి రాళ్ల గుట్ట. అమెరికా, బ్రిటన్‌ల మధ్య 1812లో మొదలైన యుద్ధం ముగిసిన కాలంలో ఇక్కడ రాయి తీయడం మొదలైంది. మొదట్లో తిరగలి రాళ్లు, గడప రాళ్లు, కంచె స్తంభాలు చేసేవారు. 1830లలో పక్కనే ఉన్న రాజధాని మాంట్‌పీలియర్‌లో శాసనసభ భవనానికి ఈ రాయే వాడారు. కానీ ఎద్దులతో లాగించే రాయి ఎంత దూరం పోగలదు? 1875లో రైలు ఊళ్లోకి వచ్చింది. 1880ల చివర్లో లోయ నుంచి గుట్ట మీదకు మరో రైలుమార్గం వేశారు. ఆ రెండో మార్గంతోనే ఊరి రాత మారింది. 1880లో సుమారు 2,000 జనాభా ఉన్న చోట 1910 నాటికి 10,000 దాటారు. ఇప్పటి జనాభా దానికంటే తక్కువ.

రాయి గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. బ్యారీ గ్రానైట్ బూడిదరంగులో సన్నని గింజతో ఉంటుంది. వయసు సుమారు 37 కోట్ల సంవత్సరాలు. అందులో నల్లగా కనిపించేది బయొటైట్ అనే అభ్రకం, తెల్లగా ఉండేది ఫెల్డ్‌స్పార్, గాజులా ఉండేది క్వార్ట్జ్. గింజ సన్నగా, ఒకే తీరుగా ఉండడం వల్ల పూరేకు అంచు వరకు చెక్కినా రాయి రాలిపోదు. మెరుగుపెట్టిన భాగం ముదురుగానూ, చెక్కిన భాగం లేతగానూ కనిపిస్తుంది కాబట్టి రంగు వేయకపోయినా అక్షరం చదవవచ్చు. సమాధి రాయికి కావలసిన గుణాలు ఇవే. బ్యారీ వంతెనల రాయినీ, కట్టడాల రాయినీ ఇతర ఊళ్లకు వదిలి స్మారక శిలల మీదే నిలబడడానికి కారణం ఇదే.

ఏ గ్రానైట్‌కైనా చీలే వాటం ఉంటుంది. కంటికి కనిపించకపోయినా, చేయి తిరిగిన పనివాడికి తెలుస్తుంది. బ్యారీలో దాన్ని మూడు పేర్లతో పిలుస్తారు. తేలిగ్గా చీలే నిలువు వాటం రిఫ్ట్. దాని తర్వాత తేలికైనది అడ్డంగా చీలే లిఫ్ట్. ఈ రెంటికీ అడ్డంగా మొండిగా నిలిచేది హార్డ్‌వే. దిమ్మెను ఏ వైపు నుంచి విడదీయాలో, ఎక్కడ చీలికతో సరిపోతుందో, ఎక్కడ కోత తప్పదో ఈ మూడే చెబుతాయి. హార్డ్‌వేను రిఫ్ట్ అనుకుని చీల్చితే పగులు పక్కదారి పట్టి, దిమ్మె రెండు పనికిరాని ముక్కలవుతుంది.

చేత్తో చీల్చే పద్ధతి ఇప్పటికీ చిన్న పనులకు వాడుకలో ఉంది. గీసిన గీత వెంట నాలుగైదు అంగుళాలకొకటి చొప్పున సన్నని రంధ్రాలు వేస్తారు. ఒక్కో రంధ్రంలో రెండు ఇనుప రేకులు పెట్టి, వాటి మధ్య చీల దించుతారు. ఈ చివర నుంచి ఆ చివర వరకు చీలలన్నిటినీ వరసగా తేలికపాటి దెబ్బలతో బిగిస్తూ పోవాలి. బిగుస్తున్నకొద్దీ దెబ్బ మోత సన్నబడుతుంది. ఆ తర్వాత ఆగాలి. రాయి తనంతట తాను విడిపోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. తొందరపడి ఒకే చీలను గట్టిగా కొడితే పగులు అక్కడి నుంచి చుట్టుతిరిగి గీత దాటిపోతుంది.

పెద్ద క్వారీలో పని వేరు. గ్రానైట్‌విల్‌లోని ఇ.ఎల్. స్మిత్ క్వారీ సుమారు 600 అడుగుల లోతు ఉంటుంది. అంచున నిలబడి చూస్తే కింద ఉన్న యంత్రాలు బొమ్మల్లా కనిపిస్తాయి. 1885లో మరో పేరుతో మొదలై, 1925లో రాక్ ఆఫ్ ఏజెస్ అనే పేరు తీసుకున్న కంపెనీ దీన్ని నడిపింది. 2016 నుంచి అది కెనడాలోని క్విబెక్‌కు చెందిన పాలికార్ చేతిలో ఉంది. ఒకప్పుడు కిరోసిన్, ఆక్సిజన్ మంటతో రాతిలో గాడి తీసేవారు. ఆ మోత లోయంతా వినిపించేది. ఇప్పుడు డైమండ్ వైరు కోత వచ్చింది. దిమ్మె మూలలో కలిసేలా రెండు వైపుల నుంచి రంధ్రాలు వేసి, వజ్రపు పూసలు గుచ్చిన ఉక్కుతీగను వాటిలోంచి దూర్చి, మాలగా ముడివేస్తారు. పట్టాల మీద నడిచే మోటారు తీగను తిప్పుతూ వెనక్కి జరుగుతుంది. గాడిలోకి నీళ్లు ఆగకుండా పారాలి. నీళ్లు తగ్గితే పూసలు కాలి తీగ తెగుతుంది. తెగిన తీగ నుంచి పూసలు తూటాల్లా ఎగురుతాయి. అందుకే తీగ తిరిగే వరసలో ఎవరినీ నిలబడనివ్వరు.

లోతైన క్వారీకి ఇంకో చిక్కు ఉంది. భూమి లోపలి రాయి అన్ని వైపుల నుంచి నొక్కుడులో ఉంటుంది. ఒక పక్క గాడి తీయగానే ఆ నొక్కుడు విడుదలై రాయి కాస్త జరుగుతుంది, గాడి ముడుచుకుని డ్రిల్లు బిగుసుకుపోతుంది. కాబట్టి ఏ గాడి ముందు తీయాలి, ఏది తర్వాత తీయాలి అన్న వరసను నొక్కుడు దిశ చూసి నిర్ణయిస్తారు.

దిమ్మెను పైకి తెచ్చేది డెరిక్ అనే క్రేను. మొదట్లో పడమటి తీరం నుంచి రైల్లో తెచ్చిన డగ్లస్ ఫర్ చెట్ల మానులే దాని స్తంభాలు, తర్వాత ఉక్కువి వచ్చాయి. మూడు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు, మీటరున్నర ఎత్తు ఉన్న దిమ్మె సుమారు 18 టన్నులు తూగుతుంది. పైకి వచ్చినదంతా అమ్ముడుపోదు. నల్లమచ్చలు, తెల్లగీతలు, పాత పగుళ్ల పక్కన ఇనుపతుప్పు రంగు ఉంటే స్మారక శిలకు పనికిరాదు. తీసిన రాయిలో ఎక్కువ భాగం ఇలా పక్కకు పోయింది. స్కాట్లండ్ పనివాళ్లు ఆ వ్యర్థాన్ని గ్రౌట్ అనేవారు, ఆ మాటే ఊళ్లో స్థిరపడింది. గుట్ట మీద కొండల్లా పేరుకుపోయిన గ్రౌట్ కుప్పల మధ్య ఇప్పుడు నడకదారులు, సైకిలు దారులు వేశారు.

షెడ్డులో ఒక సమాధి రాయి

అమెరికాలో నిలువు సమాధి రాయికి రెండు భాగాలుంటాయి. కింద పీఠం, పైన పేరు చెక్కే పలక. 3 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు, 8 అంగుళాల మందం ఉన్న పలక 4 ఘనపుటడుగులు, అంటే సుమారు 300 కిలోలు. దిమ్మెను మొదట పెద్ద డైమండ్ రంపంతో గానీ, వైరుతో గానీ 8 అంగుళాల పలకలుగా కోస్తారు. పలక రెండు ముఖాలను ముతక రాపిడి రాయితో మొదలుపెట్టి అంతకంతకూ సన్నని రాళ్లతో రుద్ది, చివర తగరపు ఆక్సైడ్ పొడితో ఫెల్టు చక్రం కింద మెరుగుపెడతారు. మధ్యలో ఒక మెట్టు దాటేస్తే ముందు మెట్టు గీతలు మెరుపు కిందే ఉండిపోతాయి. ఎండలో ఏటవాలుగా చూసినప్పుడు బయటపడతాయి.

తర్వాత హైడ్రాలిక్ యంత్రం కత్తెరలా నొక్కి పలకను కావలసిన వెడల్పుకు విరుస్తుంది. విరిచిన అంచును ఉలితో కొట్టి సహజమైన గరుకు వచ్చేలా తీరుస్తారు. అక్షరాల కోసం పలక మీద రబ్బరు పొర అంటించి, అక్షరాలను కోసి తీసేసి, ఒత్తిడి గాలితో రాపిడి పొడి కొడతారు. రబ్బరు ఉన్నచోట పొడి ఎగిరిపోతుంది, లేనిచోట రాయిని తొలుస్తుంది. రబ్బరు సరిగా అంటకపోతే అంచు లేచి అక్షరం గట్టు చెదురుతుంది. పూలూ ఆకులూ ఉంటే ఒక్కో రేకు మీది రబ్బరును ఒక్కోసారి తీస్తూ, లోతును బట్టి పొడి కొడతారు. నిలువెత్తు బొమ్మలూ ముఖాలూ మాత్రం ఇప్పటికీ ఒత్తిడి గాలితో నడిచే గాలిసుత్తితో, కార్బైడ్ మొన ఉన్న ఉలితో మనిషి చెక్కాల్సిందే. కంప్యూటరు యంత్రం ముడిరూపం తీస్తుంది గానీ, కంటిరెప్ప అంచును మనిషి చేయే తీరుస్తుంది.

ఇక్కడ జరిగే తప్పుల్లో అన్నిటికన్నా ఖరీదైనది అక్షరదోషం. రాయి మీద చెరపడం కుదరదు. ముఖం మొత్తాన్ని దింపి మళ్లీ మెరుగుపెట్టాలి, లేదా రాయిని పారేయాలి. అందుకే అసలు కొలతలో గీసిన బొమ్మను కుటుంబానికి పంపి, పేర్లూ తేదీలూ సరిచూసి సంతకం పెట్టాకే రబ్బరు కోస్తారు.

పని ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. వెర్మాంట్‌లో చలికాలం నేల నాలుగడుగులకు పైగా గడ్డకట్టవచ్చు. ఆ లోతు దాటి పునాది వేయకపోతే గడ్డకట్టే నీరు రాయిని ఎత్తి, కరిగేటప్పుడు ఒరిగేలా చేస్తుంది. కాబట్టి శ్మశానాల్లో నిలబెట్టే పని వసంతం దాకా ఆగుతుంది. మే చివరి సోమవారం వచ్చే మెమోరియల్ డే నాటికి తమవాళ్ల రాయి నిలబడాలని ప్రతి కుటుంబమూ కోరుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో షెడ్ల మీద పడే ఒత్తిడి మన దగ్గర పెళ్లిళ్ల ముహూర్తాలప్పుడు కంసాలి మీద పడే ఒత్తిడి లాంటిది.

ఎక్కడి నుంచో వచ్చినవాళ్లు

రైలు వచ్చాక మొదట దిగినవాళ్లు స్కాట్లండ్‌లోని అబర్డీన్ రాతిపనివాళ్లు. గ్రానైట్‌ను ఎరిగినవాళ్లు వాళ్లే. వెనకే ఉత్తర ఇటలీ నుంచి, కరారా పాలరాతి ప్రాంతం నుంచి శిల్పులు వచ్చారు. స్పెయిన్ ఉత్తర తీరం నుంచీ, స్వీడన్ నుంచీ, క్విబెక్ నుంచీ, లెబనాన్ నుంచీ కుటుంబాలు చేరాయి. 1899లో స్కాట్లండ్ వాళ్లు తమ కవి రాబర్ట్ బర్న్స్ విగ్రహాన్ని ఊళ్లో నిలిపారు. దాన్ని చెక్కింది శామ్యూల్ నొవెల్లి, కింది ఫలకాలను చెక్కింది ఎలియా కోర్టి. ఇద్దరూ ఇటాలియన్లే.

ఆ శిల్పులు ఉలితోపాటు రాజకీయాలనూ వెంట తెచ్చుకున్నారు. 1900లో గ్రానైట్ స్ట్రీట్‌లో ఇటాలియన్ కార్మికులు తమ చేతులతో సోషలిస్ట్ లేబర్ పార్టీ హాలు కట్టుకున్నారు. అందులో సభలూ నృత్యాలూ జరిగేవి, సహకార దుకాణం ఉండేది. 1913లో వెనకాల రొట్టెల బట్టీ కట్టారు. ఏ ప్రభుత్వమూ వద్దనే అనార్కిస్టుల్లో ఒకడైన లూయిజీ గల్లియాని 1903 జూన్‌లో ఈ ఊరి నుంచే ‘క్రోనాకా సొవ్వెర్సీవా’ అనే ఇటాలియన్ పత్రికను మొదలుపెట్టాడు. సోషలిస్టులకూ అనార్కిస్టులకూ పొసగేది కాదు. 1903 అక్టోబరు 3 రాత్రి హాల్లో వక్త కోసం ఎదురుచూస్తుండగా గొడవ పెరిగి కాల్పులు జరిగాయి. తూటా ఎలియా కోర్టికి తగిలింది, అతను బతకలేదు. తమ్ముడూ బావమరిదీ కలిసి చెక్కిన అతని నిలువెత్తు రాతి రూపం హోప్ శ్మశానవాటికలో ఉంది. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చున్నట్టు, పక్కన పనిముట్లతో కనిపిస్తుంది. కోటు గుండీలూ, బట్ట ముడతలూ గ్రానైట్‌లో అంత మెత్తగా వచ్చినవి చాలా అరుదు.

అదే హాలు 1912 ఫిబ్రవరిలో మసాచుసెట్స్‌లోని లారెన్స్ మిల్లు సమ్మె కార్మికుల పిల్లలకు స్వాగతం పలికింది. 35 మంది పిల్లలను ఊరి కుటుంబాలు ఇళ్లలో పెట్టుకుని సాకాయి. ఇంకో దేశం నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు పరాయి పిల్లలకు అన్నం పెట్టారు. బ్యారీ గురించి చెప్పుకోవలసిన వాటిలో ఇది ముందుండాలి. హాలు 2000లో జాతీయ చారిత్రక స్థలమైంది. దాన్ని స్థానిక చరిత్ర సంఘం కొని బాగుచేసింది, పాత బట్టీలో మళ్లీ రొట్టెలు కాలుతున్నాయి.

దుమ్ము

చేత్తో సుత్తి, ఉలి పట్టుకుని పనిచేసిన కాలంలో కూడా రాతిదుమ్ము లేచేది. అయితే నెమ్మదిగా లేచేది, ముతకగా ఉండేది. తొలినాటి షెడ్లు ఒక వైపు తెరిచి ఉండేవి. 1890లలో గాలిసుత్తి వచ్చింది. నిమిషానికి వేల దెబ్బలు కొట్టే ఆ పనిముట్టు పనిని ఎన్నో రెట్లు పెంచింది, రాయిని మాత్రం పిండి చేసింది. అదే కాలంలో షెడ్ల రూపం మారింది. పైన క్రేను నడవాలంటే పొడవైన, మూసిన కట్టడం కావాలి. వెర్మాంట్ చలికి తలుపులన్నీ మూసేసేవారు. సన్నని దుమ్ము పుట్టించే పనిముట్టు, ఆ దుమ్మును బయటకు పోనివ్వని గోడలు ఒకేసారి వచ్చాయి. మనుషులను చంపింది రాయి ఒక్కటే కాదు, ఈ రెండూ కలవడం.

బ్యారీ గ్రానైట్‌లో సుమారు నాలుగో వంతు క్వార్ట్జ్. దాని దుమ్ములో పెద్ద రేణువులు ముక్కులో, గొంతులో ఆగిపోతాయి. ప్రమాదం 5 మైక్రాన్ల లోపు రేణువులది. తల వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండవు, కంటికి కనిపించవు, గంటల తరబడి గాల్లోనే తేలుతాయి. ఊపిరితిత్తి అడుగుకు చేరాక వాటిని మింగిన రక్షణకణాలు చస్తాయి, చుట్టూ మచ్చకట్టు పెరుగుతుంది. అదే సిలికోసిస్. కాపలా కణాలే చచ్చిపోయిన చోట క్షయ క్రిమికి అడ్డుండదు. బ్యారీ రాతిపనివాళ్లలో ఎక్కువమంది చివరికి క్షయతోనే పోయారు. రోగం బయటపడడానికి పదిహేను ఇరవై ఏళ్లు పట్టడంతో, గాలిసుత్తి పట్టిన తరం 1910, 1920లలో నడివయసులో కూలింది. 1921లో ఊళ్లో క్షయ ఆసుపత్రి కట్టారు. భర్తను పోగొట్టుకున్న ఇటాలియన్ ఆడవాళ్లు ఇంట్లో పనివాళ్లకు భోజనం, బస ఇచ్చి, వంటింట్లో ద్రాక్షసారా అమ్మి పిల్లలను పెంచారు.

హోప్ శ్మశానవాటికలో లూయీ బ్రూసా సమాధి ఈ సంగతినే చెబుతుంది. అతను రాతిశిల్పి, 1937లో సిలికోసిస్‌తో పోయాడు. రాతిలో అతను వెనక్కి వాలి ఉంటే, భార్య పట్టుకుని ఉంటుంది. అతన్ని చంపిన రాయిలోనే ఆ దృశ్యాన్ని తోటి శిల్పి చెక్కాడు. 1895లో ఏర్పడిన ఆ శ్మశానంలో అన్ని రాళ్లూ బ్యారీ గ్రానైట్‌వే.

1920ల మధ్యలో అమెరికా ప్రజారోగ్య విభాగం బ్యారీ షెడ్లలో దుమ్మును లెక్కపెట్టి, పనివాళ్లను పరీక్షించి, 1929లో నివేదిక ప్రచురించింది. గాలిసుత్తి పట్టినవాడి ముఖం దగ్గర ఘనపుటడుగు గాలిలో సుమారు 6 కోట్ల రేణువులు ఉన్నాయి. దాన్ని 90 లక్షలకూ 2 కోట్లకూ మధ్య ఎక్కడో ఒకచోటికి దింపాలని అంచనా వేశారు. ఈ నివేదికలో గట్టి సంగతి ఒకటుంది: దుమ్ము ఎంత ఎక్కువైతే రోగం అంత త్వరగా వస్తుందని అంకెలతో తేల్చింది. దాంతో వాదన మారింది. అంతకుముందు పనివాడి తాగుడునూ ఇంటి ఇరుకునూ కారణంగా చూపినవాళ్లకు ఆ తర్వాత అంత తేలిగ్గా మాట్లాడే వీలు లేకపోయింది.

అయినా షెడ్లలో దుమ్ము పీల్చే గొట్టాలు బిగించడానికి ఇంకో పదేళ్లు పట్టింది. అంతకుముందే, 1922 సమ్మెను యజమానులు క్విబెక్ నుంచి కొత్త కూలీలను తెచ్చి ఎదుర్కొన్నారు. ఆ కొత్తవాళ్లు చేరింది అదే దుమ్ములోకి. 1933 సమ్మెలో రాష్ట్ర ప్రభుత్వం సైనిక దళాన్ని దింపింది. 1930ల చివర్లో యూనియన్, యజమానులు, రాష్ట్ర ఆరోగ్య శాఖ కలిసివచ్చాక, 1937 నుంచి 1940 వరకు షెడ్లన్నిటిలో దుమ్ము పీల్చే ఏర్పాటు జరిగింది. ఏటా ఎక్స్‌రేలు, గాలిలో దుమ్ము కొలతలు మొదలయ్యాయి. 1940 తర్వాత పనిలో చేరినవాళ్లలో సిలికోసిస్ చాలా అరుదైపోయింది. రాయి మారలేదు, గాలిసుత్తీ పోలేదు.

ఆ ఏర్పాటు ఎలా పనిచేస్తుందో చూస్తే, ఎక్కడ చెడుతుందో కూడా తెలుస్తుంది. ఉలి మొన పక్కన గొట్టం మూతి ఉంటుంది. గొట్టం గోడ వెంట పెద్ద నాళంలో కలుస్తుంది. చివర గుడ్డ సంచులు దుమ్మును పట్టుకుంటాయి, వాటి వెనక ఫ్యాను గాలిని లాగుతుంది. ఊదే గాలి దూరం పోతుంది గానీ, పీల్చే గాలి పోదు. 6 అంగుళాల గుండ్రటి మూతి ఉంటే, దానికి 6 అంగుళాల దూరంలో గాలి వేగం మూతి దగ్గరి వేగంలో సుమారు 7 శాతమే. అడుగు దూరంలో 2 శాతం. చెక్కుతూ చెక్కుతూ చేయి పక్కకు జరిగాక మూతిని జరపకపోతే, గొట్టం మోగుతూనే ఉంటుంది, దుమ్ము మాత్రం ముఖానికే వస్తుంది. శిల్పి రోజులో పదులసార్లు దాన్ని జరపాలి. జరపడానికి తేలిగ్గా, చూపుకు అడ్డురాకుండా ఉంటేనే జరుపుతాడు. చూపుకు అడ్డొచ్చే మూతిని పక్కకు తోసేస్తాడు. అందుకే మూతి ఆకారం, దాన్ని పట్టి ఉంచే కడ్డీ ఎంత సులువుగా కదులుతుందో అన్నదే ఫ్యాను బలం కన్నా ముఖ్యం.

మిగతా లోపాలు చిన్నవిగా కనిపిస్తాయి. సంచులు నిండిపోతే లాగుడు తగ్గుతుంది. అది చెవికి తెలియదు, సంచికి రెండు వైపుల ఒత్తిడి తేడా చూపే గేజీ చెబుతుంది. నేల మీది దుమ్మును పొడి చీపురుతో ఊడిస్తే పట్టుకున్నదంతా మళ్లీ గాల్లోకి లేస్తుంది, తడిపి తీయాలి లేదా వాక్యూమ్‌తో తీయాలి. సాయంత్రం బట్టల మీది దుమ్మును గాలిగొట్టంతో ఊదుకోవడం చాలామందికి అలవాటు. ఆ రెండు నిమిషాల్లో చాలా దుమ్ము లోపలికి పోతుంది. ముఖానికి కట్టుకునే మాస్కు చివరి తోడు మాత్రమే. గడ్డం ఉంటే అది అంచున అతకదు, వేసవిలో ఎవరూ రోజంతా పెట్టుకోరు.

అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా 2016లో నియమాన్ని మార్చి, ఎనిమిది గంటల సగటున ఘనపు మీటరు గాలికి 50 మైక్రోగ్రాముల పీల్చదగిన సిలికాను గరిష్ఠ పరిమితిగా పెట్టింది. కర్మాగారాలకు అది 2018 జూన్ నుంచి అమల్లోకి వచ్చింది. 25 మైక్రోగ్రాములు దాటితే కొలతలు తీయడం తప్పనిసరి.

ఇప్పటి బ్యారీ

గురువారం రాత్రి బ్యారీకి వెళ్లినవాళ్లు థండర్ రోడ్ అనే పావు మైలు కారు పందేల బాటను చూడాలి. 1960లో మొదలైన ఆ పందేలు గురువారమే ఎందుకంటే, షెడ్లలో జీతం గురువారం ఇచ్చేవారు. ఇప్పుడు ప్రేక్షకుల్లో రాతిపనివాళ్లు కొద్దిమందే ఉన్నా రోజు మాత్రం మారలేదు.

రాతిపని తగ్గడానికి ఒకటికి మించి కారణాలున్నాయి. రంపాలూ యంత్రాలూ మెరుగై తక్కువ మందితో ఎక్కువ పని సాగుతోంది. భారత్, చైనాల నుంచి చెక్కి మెరుగుపెట్టిన రాళ్లే పూర్తిగా తయారై దిగుతున్నాయి. అన్నిటికన్నా లోతైన మార్పు మరొకటి: అమెరికాలో మృతదేహాలను దహనం చేసేవాళ్లు 2010ల మధ్యలో సగం దాటారు, ఇప్పుడు 60 శాతం పైన ఉన్నారు. చితాభస్మానికి 300 కిలోల పలక అక్కర్లేదు. దాన్ని ఉంచే గోడ గూటికి మూతపెట్టే చిన్న పలక చాలు. షెడ్లు ఆ గూళ్ల గోడల వైపు, కుటుంబ స్మారకాల వైపు, కట్టడాల రాయి వైపు కొంత మళ్లాయి. కాగితపు మిల్లుల రోలర్లు, కొలత యంత్రాల కింద వేసే చదును పలకలు కూడా ఈ రాయితో చేశారు. పాత జోన్స్ బ్రదర్స్ షెడ్డులో గ్రానైట్ మ్యూజియం నడుస్తోంది, అక్కడే రాతి చెక్కడం నేర్పుతున్నారు.

నీళ్లు కూడా ఈ ఊరిని వదలడం లేదు. షెడ్లూ బజారూ లోయ అడుగున, ఏటి పక్కన ఉన్నాయి. ఒకప్పుడు నీటి శక్తికీ రైలుకూ అదే సరైన చోటు. 1927 నవంబరు వరదలో రాష్ట్ర లెఫ్టినెంట్ గవర్నర్ హాలిస్టర్ జాక్సన్ బ్యారీలోనే కొట్టుకుపోయాడు. 2023 జులై 10, 11 తేదీల్లో మళ్లీ ఊరు మునిగింది. సరిగ్గా ఏడాదికి, 2024 జులైలో, ఇంకోసారి మునిగింది. పల్లపు వీధుల్లో పదేపదే మునిగే ఇళ్లను ప్రభుత్వ డబ్బుతో కొని కూల్చేయడం మొదలైంది. ఇళ్ల కొరత ఉన్న ఊరికి ఇది కష్టమైన నిర్ణయం. కూల్చిన ఇంటి పన్ను పోతుంది, అందులో ఉన్నవాళ్లకు గుట్ట మీద అంత చవకైన ఇల్లు దొరకదు.

తెలుగు నేలకు ఈ కథ దూరమైనది కాదు. బంగారు చుక్కలు మెరిసే నల్లని గెలాక్సీ గ్రానైట్ పుట్టేది ప్రకాశం జిల్లా చీమకుర్తిలో. కరీంనగర్ టాన్ బ్రౌన్ గ్రానైట్ అమెరికా వంటిళ్ల గట్ల మీద కనిపిస్తుంది. మన కోత యూనిట్లలో పెద్ద రంపాలు నీళ్లతోనే నడుస్తాయి. దుమ్ము లేచేది ఆ తర్వాత, అంచులు తీర్చేటప్పుడు, చేతి గ్రైండరుతో పొడిగా రుద్దేటప్పుడు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూల్లో పీల్చదగిన దుమ్ముకు ఒక సూత్రం ఉండేది: 10ని, దుమ్ములోని క్వార్ట్జ్ శాతానికి 2 కలిపిన అంకెతో భాగించాలి. 28 శాతం క్వార్ట్జ్ ఉన్న రాయికి అది ఘనపు మీటరుకు 0.33 మిల్లీగ్రాముల దుమ్ము. అందులో క్వార్ట్జ్ వాటా సుమారు 93 మైక్రోగ్రాములు, అంటే అమెరికా పరిమితికి దాదాపు రెట్టింపు. ఆ రెట్టింపు పరిమితినైనా పాటిస్తున్నారో లేదో తెలియాలంటే పనివాడి కాలరుకు చిన్న పంపు, ఫిల్టరు తగిలించి పూటంతా కొలవాలి. బ్యారీ షెడ్లలో 1940 నాటికి బిగించిన పరికరాల్లో ఇక్కడ దొరకనిది ఒక్కటీ లేదు: ఫ్యాను, రేకు గొట్టం, గుడ్డ సంచులు, ఉలి మొనకు ఆరంగుళాల్లో నిలిచే ఒక మూతి.